గుల్లబారిన వెన్నుపూస, నరసాపురం లేసు: ప్రాజెక్టు డైరీ

మే చివరి వారం

చేస్తున్నది ఒక్కటే వస్తువు. శరీరం ఎంత సున్నితమైనదో చూపించడానికి వీపు మీద వేసుకునే లేసు. నడుములోని మొదటి వెన్నుపూసను నిలువుగా కోస్తే లోపల సన్నటి ఎముక కడ్డీల వలలాంటి జాలీ కనిపిస్తుంది. ఆ జాలీని పది రెట్లు పెంచి, నూలు దారంతో అల్లించి, మనిషి వీపు మీద నిలబెట్టాలి. ఆ పూస ముందు భాగం సుమారు 4 సెంటీమీటర్ల వెడల్పు, రెండున్నర సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. పది రెట్లంటే 40 బై 25. పెద్దవాళ్ల వీపుకు దాదాపు సరిపోయే కొలత. లోపలి జాలీలో ఒక్కో కడ్డీ మందం మిల్లీమీటరులో ఒకటి రెండు పదో వంతులు, మధ్య ఖాళీ అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు. పది రెట్లు చేస్తే ఒకటి రెండు మిల్లీమీటర్ల దారం, సెంటీమీటరు లోపు గడి అవుతాయి. 20 నంబరు దారంతో చైను (గొలుసు కుట్టు) అల్లితే దాదాపు అంత మందమే వస్తుంది. లెక్క ఇంత చక్కగా కుదిరాక వేరే ఎముక గురించి ఇక ఆలోచించలేదు.

శరీరం ఎంత సున్నితమైనదో చూపించాలంటే చాలామంది గాజో, పల్చటి పింగాణీయో తీసుకుంటారు. చూడగానే భయం వేస్తుంది, నిజమే. కానీ వయసుతో గుల్లబారే ఎముక దెబ్బతినే పద్ధతి అది కాదు. అది ఏళ్ల తరబడి లోలోపల ఒక్కో బంధం పోగొట్టుకుంటూ వస్తుంది. పైకి ఏమీ తెలియదు. మనిషి నడుస్తూనే ఉంటుంది, వండుతూనే ఉంటుంది, బస్సు ఎక్కుతూనే ఉంటుంది. మా పెద్దమ్మకు నడుము పూస విరిగింది కింద పడి కాదు, నిండు బకెట్ ఎత్తుతుంటే. ఎక్స్‌రే తీసేదాకా నడుం పట్టేసిందనే అనుకుంది. వెన్నుపూస విరుపుల్లో చాలావరకు ఇలా ఎవరికీ తెలియకుండానే జరిగిపోతాయి. అందుకే నాకు పగిలే వస్తువు వద్దు. మెల్లగా కుంగే వస్తువు కావాలి.

స్కెచ్‌లో ఒక పెద్ద మార్పు ఈ వారమే జరిగింది. ముందు గీసినదాంట్లో లేసు భుజాల నుంచి వేలాడేది. లేసు అంటే అందరికీ వేలాడేదే కదా. కానీ వేలాడే దారం లాగుడు భరిస్తుంది. పూస భరించేది పైనుంచి పడే బరువు. దారం ఎంత సన్నదైనా లాగుడు తట్టుకుంటుంది గానీ, నిలబడి బరువు మోయమంటే వంగిపోతుంది. అసలు విషయమంతా ఆ వంగడంలోనే ఉంది. కాబట్టి తలకిందులు చేశాను. నడుముకి గట్టి బెల్టు, దాని మీద లేసు గంజి బలంతో పైకి నిలబడాలి, దాని నెత్తిన ఒక ఇత్తడి కడ్డీ. భుజాల మీది పట్టీలు కడ్డీని మోయవు, అది వెనక్కి పడిపోకుండా దారి మాత్రం చూపిస్తాయి.

జూన్ రెండో వారం

నరసాపురం దగ్గర పిన్ని వాళ్ల ఊళ్లో ఉన్నాను. ఇక్కడికి లేసు అల్లిక 19వ శతాబ్దం మధ్యలో క్రైస్తవ మిషనరీలతో వచ్చింది. ఇప్పుడు వంటపని అయిపోయిందంటే ఆడవాళ్ల చేతుల్లో సూది ఉండాల్సిందే. 2024లో నరసాపురం క్రోషే (కొక్కెం సూదితో అల్లే) లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పిన్ని చేతికొచ్చే కూలి మాత్రం ఇంకా ఏజెంటు చెప్పిందే. దారం తూచి ఇస్తాడు, లేసు తూచి పట్టుకెళ్తాడు. మెడ వంచి అన్నేళ్లు అల్లిన వీపుకు ఆ తూకంలో చోటు లేదు. ఈ వస్తువును లేసుతోనే ఎందుకు చేస్తున్నానని అడిగితే గడుల కొలత ఒక కారణం, ఈ వీపులు ఇంకో కారణం.

నా డ్రాయింగు చూసి పిన్ని ముందు ఒప్పుకోలేదు.

“ఏంటే అమ్మాయ్ ఇది? పైన బానే ఉంది. ఇక్కడికొచ్చేసరికి ఎలక కొట్టేసినట్టుందే!”

“కావాలనే పిన్నీ. అడ్డకడ్డీలు పోవాలి.”

“పోవాలంటే ఎలా పోతాయే? దారం తెంపమంటావా?”

ఆమె అడిగింది సరైన ప్రశ్న. ముసలితనంలో వెన్నుపూస లోపల ముందుగా సన్నబడి తెగిపోయేవి అడ్డకడ్డీలే. నిలువు కడ్డీలు చాలావరకు మిగులుతాయి. బరువు మోసేది నిలువువే కాబట్టి ఏం ఫరవాలేదు అనిపిస్తుంది. 18వ శతాబ్దంలోనే లెయొన్‌హార్డ్ ఆయిలర్ దీనికి లెక్క కట్టాడు. నిలబడిన సన్నటి కడ్డీ ఎంత బరువుకు వంగిపోతుందనేది దాని పొడవు మీద ఆధారపడుతుంది, అదీ పొడవు వర్గానికి విలోమంగా. రెండు అడ్డకడ్డీల మధ్య నిలువు కడ్డీకి ఉన్న పొడవు రెట్టింపైతే అది మోయగల బరువు నాలుగో వంతుకు పడిపోతుంది. మూడు రెట్లైతే తొమ్మిదో వంతు. అంటే ఒక్క అడ్డకడ్డీ తెగితే నిలువు కడ్డీ మందం వెంట్రుకంతైనా తగ్గకుండానే దాని బలంలో మూడొంతులు పోయినట్టు. నేను ఒంటి మీద చూపించాలనుకున్నది ఇదే.

ఇక దారంతో దీన్ని ఎలా రాబట్టాలి? గడి లేసులో సూదికి దారం చుట్టి లాగిన కుట్టు నిలువుగా నిలబడుతుంది, ఒక కుట్టు నుంచి ఇంకో కుట్టుకు చైను అడ్డంగా వెళ్తుంది. దారం పక్క కుట్టుకు చేరాలంటే ఆ చైను మీదుగానే వెళ్లాలి. అడ్డం మానేస్తే దారికే గండి పడుతుంది. ప్రతి చోటా తెంపి, ముడేసి, మళ్లీ మొదలుపెట్టాలి. ముడులన్నీ బయటికి కనిపిస్తాయి, చూసేవాళ్ల కళ్లు వాటి దగ్గరే ఆగిపోతాయి.

పిన్ని నా కాగితం పక్కన పెట్టేసి కాసేపు ఊరికే అల్లింది. ఎడమ చేతి చూపుడువేలికి దారం రెండు చుట్లు, మధ్యవేలు కింద నుంచి అల్లిక పట్టుకుని ఉంటుంది. సూది ముక్కు లోపలికి దూరి, దారాన్ని ముక్కుతో అందుకుని, అరచుట్టు తిరిగి బయటికొస్తుంది. ఆ అరచుట్టు చూడకపోతే సూది కదిలినట్టే తెలియదు. నాలుగు వరసలు అయ్యాక ముక్కను పక్కకి తిప్పి నా ముందు పెట్టింది.

“వీపుకి అడ్డంగా అల్లుతున్నావు కాబట్టే నీకీ గోల. నిలువుగా అల్లుకుపోదాం. చైను పైనుంచి కిందికి వస్తుంది. కుట్టు అడ్డకడ్డీ అవుద్ది. నీకు అక్కర్లేని చోట కుట్టు మానేసి చైను పొడుగు పెంచుకుంటా పోవడమే.”

తొంభై డిగ్రీల తిప్పుడు, అంతే. దారం ఎక్కడా తెగదు, ముడి పడదు. కుట్టు వేయకుండా వదిలేస్తే ఆ ఖాళీ దానంతట అదే వస్తుంది. పైన, కింద అంచులకు దగ్గరగా ఒత్తు కుట్లు వేసి పూసకుండే గట్టి పలకలను రాబట్టాలి. మధ్యలో గడులు. ఒక్క పొర చాలదు. మూడు పొరలు అల్లి, ఒకదాన్నొకటి చిన్న కుట్లతో పట్టించాలి. పొరల మధ్య బంధాలు కూడా అడ్డకడ్డీల కిందే లెక్క.

డబ్బు సంగతి కూడా ఈ వారమే తేల్చుకున్నాం. ముక్క లెక్కా వద్దు, తూకం లెక్కా వద్దు, రోజు కూలి. ఎందుకంటే ఈ లేసులో వదిలేసిన కుట్టుకు అల్లిన కుట్టు కన్నా ఎక్కువ ధ్యాస కావాలి. తూకం వేస్తే ఎంత జాగ్రత్తగా వదిలితే అంత తక్కువ కూలి వస్తుంది. పిన్నితో పాటు పక్కింటి ఇద్దరు కూడా చేయి కలుపుతున్నారు.

జూలై

నెలంతా గంజి.

లేసు గట్టిపడాలంటే చాలా దారులున్నాయి. ఫెవికాల్ నీళ్లలో కలిపి ముంచితే రాయిలా అవుతుంది, ఎన్నాళ్లైనా అలాగే ఉంటుంది, వెలుతురు పడితే ప్లాస్టిక్ మెరుపు కొడుతుంది. పంచదార పాకం పాత పద్ధతి. అంచులు బాగా నిలబడతాయి. ఈ వానల్లో జిగట పట్టి చీమలు బారులు తీరాయి. సగ్గుబియ్యం గంజి తెల్లగా, శుభ్రంగా వస్తుంది, కానీ ఎండాక పెళుసు. వంచితే పొడి రాలుతుంది. బియ్యం గంజి మిగతా వాటికన్నా మెత్తన. ఎండితే నిలబడుతుంది, చెమ్మ తగిలితే లొంగుతుంది.

ఆ లొంగడం కోసమే బియ్యం గంజిని ఎంచుకున్నాను. వేసుకున్న మనిషి ఒంటి వేడి, చెమట వీపు నుంచి లేసులోకి ఎక్కుతాయి. గంజి మెల్లగా సడలుతుంది. అడ్డకడ్డీలు దండిగా ఉన్న చోట చైనులు ఒకదాన్నొకటి పట్టుకుని అలాగే ఉంటాయి. ఖాళీలున్న చోట పొడవాటి చైనులు ముందుగా పక్కకి వంగుతాయి. లేసు కుంగడానికి బయటి నుంచి ఏ మోటారూ, ఏ మీటా అక్కర్లేదు. బతికున్న ఒళ్లే దాన్ని అరగదీస్తుంది. ఎముక విషయంలోనూ జరిగేది అదే కాబట్టి నాకు ఇంతకన్నా నిజాయితీ ఉన్న పద్ధతి తోచలేదు.

ఎవరైనా ప్రయత్నించాలనుకుంటే పద్ధతి ఇది. పాత బియ్యాన్ని నీళ్లు ఎక్కువ పోసి మెతుకు విడిపోయేదాకా ఉడికించాలి. పల్చటి గుడ్డలో వడకట్టి, వేలితో తాకితే గోరువెచ్చగా ఉన్నప్పుడు లేసు ముంచాలి. పిండకూడదు, రెండు అరచేతుల మధ్య ఒత్తాలి. పిండితే చైను మెలిపడి ఆ మెలికతోనే ఎండిపోతుంది. థర్మోకోల్ పలక మీద ప్లాస్టిక్ కాగితం పరిచి, తుప్పు పట్టని గుండుసూదులతో ప్రతి గడినీ లాగి గుచ్చాలి. మామూలు సూదులైతే తెల్ల దారం మీద తుప్పు చుక్కలు దిగుతాయి, ఉతికినా పోవు. నీడనే ఆరాలి. గంజి అంటే బొద్దింకలకు విందు కాబట్టి ఆరిన ముక్కలన్నీ స్టీలు డబ్బాల్లోనే.

పలచగా మూడు పూతలు పెట్టడం చిక్కగా ఒక పూత పెట్టడం కంటే మేలు. చిక్కటి గంజి గడుల మూలల్లో పొరలా పేరుకుని ఖాళీలను మూసేస్తుంది. ఈ లేసులో ఖాళీ మూసుకుపోతే చెప్పడానికి ఇంకేమీ మిగలదు.

ఆగస్టు మొదటి వారం

ఎముకల డాక్టరు గారి దగ్గర కూర్చున్నాను. పెద్దమ్మకు వైద్యం చేసింది ఆయనే. శ్రద్ధగా చూశారు. నేను అల్లించిన నమూనా ముక్కను లైటుకి పట్టుకుని, “ఇది డెక్సా స్కానులో కనపడదమ్మా” అన్నారు. డెక్సా కొలిచేది ఎముకలో ఖనిజం ఎంత ఉందన్నదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో పెట్టిన కొలబద్ద ప్రకారం టీ స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముకతో పోల్చి ఇచ్చే అంకె) మైనస్ 2.5, అంతకన్నా తక్కువైతే ఎముకలు గుల్లబారినట్టు. ఆ అంకెలో ఏ కడ్డీ ఏ కడ్డీని పట్టుకుని ఉందో ఉండదు. ఒకే స్కోరున్న ఇద్దరిలో ఒకరి పూస విరగవచ్చు, ఇంకొకరిది నిలబడవచ్చు.

ఇంకో మాట చెప్పారు. దాంతో నా డిజైను నియమమే మారింది. ఎముకలో పాతదాన్ని తినేసే కణాలు ఒక రకం, కొత్తది పేర్చే కణాలు ఇంకో రకం. జీవితమంతా ఈ పని సాగుతూనే ఉంటుంది. ముప్పై ఏళ్ల ప్రాంతం దాకా పేర్చేవాళ్లది పైచేయి. ఆడవాళ్లలో నెలసరి ఆగి ఈస్ట్రోజెన్ తగ్గాక తినేవాళ్లది పైచేయి అవుతుంది. అయితే పేర్చే కణాలకు పేర్చడానికి ఒక గోడ కావాలి. మిగిలిన కడ్డీ మీద అవి పూత పూసి మందం పెంచగలవు. పూర్తిగా తెగి మాయమైన కడ్డీని గాలిలో మళ్లీ కట్టలేవు.

నాకు అప్పటిదాకా ఒక ఆలోచన ఉండేది. ప్రదర్శన అయిన ప్రతిసారీ పిన్ని వాళ్లు కొన్ని కుట్లు మళ్లీ అల్లి లేసును బాగుచేస్తారు, ఆ బాగుచేత కూడా ప్రదర్శనలో భాగమే అని. దాన్ని వదిలేశాను. ఇప్పుడు నియమం ఇలా ఉంది: కుంగిన లేసుకు మళ్లీ గంజి పెట్టవచ్చు. ఉన్న కడ్డీలు గంజి పూతతో మందమవుతాయి, కొంచెం ఎక్కువ మోస్తాయి. పోయిన కుట్టును ఎవరూ మళ్లీ వేయకూడదు.

ఖాళీలు ఎక్కడ రావాలన్నది కూడా ఆయన చూపించిన ఎక్స్‌రేలతో ఖాయమైంది. పూస గుల్లబారినప్పుడు పైపలక, కిందిపలక రెండూ మధ్యలో లోపలికి గుంటపడతాయి. రేడియాలజిస్టులు దాన్ని చేప పూస అంటారు, ఎందుకంటే చేప వెన్నుపూస పుట్టుకతోనే రెండు వైపులా గుంటగా ఉంటుంది. ఆ రాత్రి పిన్నికి ఫోన్ చేసి ఇది చెబితే, మర్నాడు పులుసులో వచ్చిన ముల్లు కడిగి, ఆరబెట్టి, ఫోటో తీసి పంపింది. నిజంగా రెండు వైపులా చిన్న గిన్నెలు. ఖాళీలు మధ్యలో ఎక్కువ, పక్కలకు తక్కువగా ఉండాలని ఆ ఫోటో మీదే గీసి తిప్పి పంపాను.

ఆగస్టు చివర

నమూనా చూసిన ఒక మిత్రుడు, “అయితే ఎముక చిక్కగా ఉంటే సరిపోతుందన్నమాట” అన్నాడు. నల్లగొండ వాడు. అన్నాక తనే ఆగిపోయాడు. వాళ్ల వైపు పల్లెల్లో ఫ్లోరైడు నీళ్లు తాగినవాళ్ల ఎక్స్‌రేల్లో ఎముకలు మామూలు కన్నా తెల్లగా, చిక్కగా కనిపిస్తాయి. ఖనిజం ఎక్కువే ఉంటుంది. అయినా ఆ ఎముక పెళుసు. కీళ్లను, పూసలను పట్టి ఉంచే నరాల్లాంటి కట్లు కూడా గట్టిపడిపోయి వెన్ను వంగనని మొరాయిస్తుంది. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్ గురించి తొలి వైద్య నివేదిక 1937లో వచ్చింది, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల నుంచి. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని మన ప్రమాణం, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా.

దీన్ని ఇదే లేసులో ఇరికించను. గుల్లబారిన పూస ఒక కథ, రాయైపోయిన పూస ఇంకో కథ. రెండో దానికి ఇంకో వస్తువు చేయాలి, దాని పదార్థం వేరే. కానీ మిత్రుడి మాట వల్ల ఈ లేసులో ఒకటి కచ్చితం చేసుకున్నాను. దారం మందం ఎక్కడా మార్చకూడదు. పై నుంచి కింది దాకా, చిక్కటి చోటా గుల్ల చోటా ఒకే 20 నంబరు దారం. తేడా అంతా కుట్ల మధ్య బంధంలోనే కనిపించాలి.

సెప్టెంబరు

మూడు పొరలూ చేరాయి. ఒక్కచోట కూడా ముడి కనిపించదు. పిన్ని వాళ్ల చేతి పని చూస్తే నా డ్రాయింగు ముతకగా అనిపించింది. గీత గీసి నేను ఆపేసిన చోట వాళ్లు చైను పొడవును కొద్దికొద్దిగా పెంచుకుంటూ వెళ్లారు. అందుకే ఖాళీ చిల్లు పెట్టినట్టు లేదు, అరిగినట్టు ఉంది.

నడుము బెల్టు తోలుతో చేయించాను, లోపల మెత్తటి నూలు పట్టీ. పై కడ్డీ ఆరు మిల్లీమీటర్ల ఇత్తడి, 40 సెంటీమీటర్ల పొడవు, బరువు వంద గ్రాములకు కాస్త తక్కువ. కడ్డీ రెండు చివరలూ భుజం పట్టీల మీది రింగుల్లోంచి వెళ్తాయి. కిందికి జారగలదు, బయటికి రాలేదు. పట్టీ మీద ఎర్ర దారంతో మిల్లీమీటర్ల గీతలు కుట్టాం. కడ్డీ ఎంత దిగిందో ఎవరైనా చదువుకోవచ్చు. ఆసుపత్రిలో ఎత్తు కొలిచే స్టాండు మీద పెద్దమ్మ నిలబడినప్పుడు నర్సు చదివే గీతలు ఇలాంటివే. వెన్నుపూసలు కుంగుతున్నాయని ముందుగా చెప్పేది చాలాసార్లు ఆ ఎత్తే.

ఎవరు వేసుకోవాలన్నది నాకు మొదటి నుంచీ టెన్షన్. ఇలాంటి వాటికి సన్నటి పాతికేళ్ల మోడల్‌ను పిలవడం అలవాటైపోయింది. ఆ వయసు వీపు మీద ఈ లేసు అలంకారంగానే ఉంటుంది. నాకు ఈ విషయం తెలిసిన వీపు కావాలి. పెద్దమ్మను అడగడానికి మాత్రం నోరు రాలేదు. విరిగిన పూస ఉన్న మనిషి వీపు మీద, ఎంత తక్కువైనా, బరువు పెట్టమనడం ఎలా? డాక్టరు గారిని అడిగితే, బరువు నడుము బెల్టు మీదకే దిగుతోంది కాబట్టి కాసేపు వేసుకుంటే ఇబ్బంది లేదు, ముందుకి వంగకూడదంతే అన్నారు. పెద్దమ్మే తేల్చేసింది.

“నా వెన్ను నేను ఎక్స్‌రేలో తప్ప చూసుకోలేదు. నాకు కాకపోతే ఎవరికి వేస్తావే? తే ఇటు.”

బెల్టు బిగించి, లేసు నిలబెట్టి, కడ్డీ ఎక్కించాక ఆమె ఇంట్లో మామూలుగానే తిరిగింది. కూర తరిగింది, ఫోన్లో మాట్లాడింది. ఫ్యాను ఆపేశాం. తొలి అరగంట ఏ మార్పూ లేదు. తరవాత మధ్యలో, వీపు గాడి మీదుగా వెళ్లే పొడవాటి చైనులు పక్కకి వంగడం మొదలైంది. పొరల మధ్య బంధం ఉన్న చోట వంపు ఆగింది, లేని చోట సాగింది. పైపలక మధ్యలో మెల్లగా గుంట పడింది. కడ్డీ గట్టిది కాబట్టి అది వంగలేదు. లేసు దాని కింద నుంచి తప్పుకుని మధ్యలో సందు వచ్చింది, బరువంతా రెండు పక్కలకూ పోయింది. పక్కల్లో గడులు చిక్కగా ఉన్నాయి కాబట్టి మోశాయి. ఎర్ర గీతల మీద కడ్డీ నాలుగు మిల్లీమీటర్లు దిగి ఆగింది.

అద్దంలో వెనక నుంచి చూపిస్తే పెద్దమ్మ చాలాసేపు ఆ మధ్య గుంటనే చూసింది. “ఇదేనా విరగడమంటే? ఇంత చిన్నదా?” అంది. తరవాత, పక్కలవి ఎందుకు పడిపోలేదని అడిగింది. అడ్డకడ్డీలు చూపించాను. వేలు పెట్టి ఒక్కో గడి తడుముకుంటూ పోయింది.

ఇక మిగిలిన పనులు. పెట్టె చేయించాలి, తేమ తగలకుండా సిలికా జెల్ సంచులతో. వేసుకున్నాక ప్రతిసారీ కడ్డీ ఎంత దిగిందో రాసుకునే చీటీ లేసుతో పాటే ప్రయాణిస్తుంది, పెద్దమ్మ నాలుగు మిల్లీమీటర్లతో మొదలు. అల్లిన ముగ్గురి పేర్లూ లోపలి నూలు పట్టీ మీద కుట్టాలి. పేర్లు వాళ్లే కుట్టుకుంటామన్నారు. వచ్చే నెల నల్లగొండ మిత్రుడితో కలిసి వాళ్ల ఊరు వెళ్తున్నాను. రెండో వస్తువుకు సున్నం వాడాలని ఉంది, అదే 20 నంబరు దారం మీద. అంతకన్నా ముందు అక్కడివాళ్లు దాన్ని తమ వీపు మీద వేసుకోవడానికి ఒప్పుకుంటారో లేదో అడగాలి. వద్దంటే ఆ వస్తువు ఉండదు.